మూలుగలో చిక్కుకున్న కణాలు



సిద్దిపేట జిల్లా కొండపాక పేరు చెప్పగానే ఇప్పుడు చాలామందికి గుర్తొచ్చేది చిన్నపిల్లల గుండె ఆసుపత్రి. అక్కడి శ్రీ సత్యసాయి సంజీవని ఆసుపత్రిలో పసివాళ్ల గుండెకు ఒక్క రూపాయి తీసుకోకుండా ఆపరేషన్లు చేస్తారు. ఆ ఊళ్లోనే కాదు, ప్రపంచంలో ఎక్కడైనా సరే, పసిబిడ్డ ఛాతీ తెరిచిన సర్జన్‌కు గుండె కంటే ముందు మరొకటి కనిపిస్తుంది. రొమ్ముటెముక వెనకాల, గుండె పైభాగాన్ని కప్పుకుని, మెత్తగా పరుచుకున్న థైమస్ గ్రంథి అది. గుండె దాకా చేరాలంటే దాన్ని పక్కకు జరపాలి. చాలాసార్లు కొంత కోసి తీసేయాల్సి వస్తుంది కూడా.

1961 దాకా ఆ గ్రంథి ఎందుకుందో ఎవరికీ సరిగా తెలియదు. పెద్దయ్యాక అది కుంచించుకుపోతుంది కాబట్టి పనికిమాలినదనే అనుకునేవారు. లండన్‌లో పరిశోధన చేస్తున్న జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల్లో దాన్ని తీసేసి చూశాడు. అవి కొన్నాళ్లకు జబ్బుల పాలయ్యాయి. ఇంకో ఎలుక చర్మం తెచ్చి అతికించినా వాటి ఒళ్లు పరాయిదని గుర్తుపట్టలేదు. ఎముకల్లోని మూలుగలో పుట్టిన కొన్ని తెల్లకణాలు ఈ గ్రంథికి వచ్చి, ఏది తనదో ఏది పరాయిదో తేల్చుకోవడం ఇక్కడే నేర్చుకుంటాయని క్రమంగా తెలిసింది. సొంత ఒంటి మీదే తిరగబడేవాటిని, ఏ పనికీ రానివాటిని థైమస్ అక్కడికక్కడే చంపేస్తుంది. లోపలికి వచ్చినవాటిలో నూటికి తొంభై అయిదుకు పైగా బయటకు రావు. నెగ్గి వచ్చినవే టీ కణాలు. వైరస్ సోకిన కణాన్ని, క్యాన్సర్‌గా మారిన కణాన్ని వెతికి చంపేది ఇవే.

ఛాతీలో తయారయ్యే ఈ కణాలకూ తలలో వచ్చే గడ్డకూ సంబంధమేమిటి? వైద్యులు కూడా చాలాకాలం ఏమీ లేదనే అనుకున్నారు. 1948లో పీటర్ మెడావర్ కుందేళ్ల మెదడులో పరాయి చర్మపు ముక్కలు పెట్టి చూశాడు. మామూలుగా అయితే ఒళ్లు వాటిని కొన్నాళ్లకే తోసిపుచ్చాలి. మెదడులో మాత్రం ఆ పని అంత సులువుగా జరగలేదు. దాంతో మెదడుకు రోగనిరోధక వ్యవస్థతో పొత్తు లేదని, అక్కడ లింఫ్ నాళాలు లేవని పాఠ్యపుస్తకాల్లో రాసుకున్నారు. ఆ రాత 2015 దాకా చెల్లింది. ఆ ఏడాది అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు, ఫిన్లాండ్‌లో హెల్సింకి వాళ్లు, ఎవరికి వారుగా మెదడును కప్పే పొరల్లో లింఫ్ నాళాలున్నాయని చూపించారు. మెదడులో జరిగేది రక్తంలోని కణాలకు తెలియకుండా పోదు. ఆ కబురు మెడ దగ్గరి లింఫ్ గ్రంథుల దాకా వెళుతూనే ఉంటుంది.

కబురు వెళుతున్నా, మెదడులో గడ్డ పుట్టినప్పుడు టీ కణాలు ఎందుకు రావడం లేదన్నదే చిక్కు.

మెదడులో పుట్టే గడ్డలన్నీ ఒకటి కావు. కొన్ని మెల్లగా పెరుగుతాయి, తీసేస్తే మళ్లీ రావు. అన్నిటికన్నా మొండిది గ్లయోబ్లాస్టోమా. దీని వేళ్లు మెదడులో ఎంతదూరం పాకాయో స్కానింగు కూడా పూర్తిగా చెప్పలేదు. మాట, చేతి కదలిక దెబ్బతినకుండా గడ్డను తీయడానికి రోగిని మెలకువగా ఉంచి ఆపరేషన్ చేసే పద్ధతి తెలుగువారికి పత్రికల ద్వారా బాగా తెలిసినదే. 2022 ఆగస్టులో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో ఒక మహిళకు చిరంజీవి ‘అడవి దొంగ’ చూపిస్తూ తలకు ఆపరేషన్ చేశారు. 2024 సెప్టెంబరులో కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మరొకామె ‘అదుర్స్’ హాస్య సన్నివేశాలు చూస్తుండగా గడ్డ తీశారు. ఖరీదైన కార్పొరేట్ ఆసుపత్రుల్లో కాదు, సర్కారు దవాఖానాల్లో ఇది జరగడం చిన్న విషయమేమీ కాదు. కానీ చొచ్చుకుపోయే రకం గడ్డల్లో ఎంత నేర్పుగల చేతులైనా కంటికి కనిపించినంతే తీయగలవు. మిగిలిపోయిన కణాలను వెతికి పట్టుకోవడానికి కత్తి పనికిరాదు. ఆ పనికి పుట్టినవి టీ కణాలే.

వీటి విషయంలో ఏదో తేడా ఉందని 1972లోనే కనిపెట్టారు. మెదడు గడ్డలున్న రోగుల చర్మం కింద పరీక్ష మందు ఎక్కిస్తే మామూలు మనుషుల్లో వచ్చే ఎర్రటి దద్దు వాళ్లలో సరిగా రాలేదు. వాళ్ల రక్తంలో లింఫోసైట్లూ (టీ కణాలు ఈ కుటుంబానివే) తక్కువే. గడ్డేమో పుర్రె లోపల ఉంది, వేరే అవయవాలకు పాకనూ లేదు, అయినా ఒళ్లంతటి రక్తం నీరసపడింది. కారణం మాత్రం ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా తేలలేదు.

2018లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో పీటర్ ఫెచ్చీ బృందం ఈ చిక్కు విప్పింది. ఇంకా వైద్యం మొదలు కాని గ్లయోబ్లాస్టోమా రోగులను చూస్తే, కొందరి రక్తంలో సీడీ4 రకం టీ కణాల సంఖ్య ఎయిడ్స్ రోగుల్లో ఉండే స్థాయికి పడిపోయి ఉంది. ప్లీహం కూడా కుంచించుకుపోయింది. మరి కణాలు చచ్చిపోయాయా? లేదు. మూలుగలో ఉన్నాయి. మటన్ కూరలో బొక్క చీల్చి పిల్లలు పోటీపడి పీల్చుకునే మూలుగ లాంటిదే, మనిషి ఎముకల్లోనిది. రక్తంలో లేని కణాలు అక్కడ గుంపులు గుంపులుగా పోగుపడ్డాయి.

బయటకు ఎందుకు రాలేకపోతున్నాయి? రక్తంలో ఎస్1పి అనే ఒక కొవ్వు పదార్థం ఎక్కువగా ఉంటుంది. మూలుగలో, లింఫ్ గ్రంథుల్లో తక్కువ. టీ కణం తన ఒంటి మీదున్న ఒక గ్రాహకంతో దాన్ని పసిగట్టి, ఎక్కువున్న వైపుకు, అంటే రక్తంలోకి వస్తుంది. మెదడులో గడ్డ ఉన్నవాళ్ల టీ కణాల మీద ఆ గ్రాహకం మాయమవుతోంది. జలుబుతో ముక్కు మూసుకుపోయిన మనిషికి మిర్చిబజ్జీల బండి ఏ మూలనుందో తెలియనట్టు, కణానికి దారి తెలియడం లేదు. ఇక్కడో తమాషా ఉంది. నరాల మీద సొంత టీ కణాలే దాడి చేసే మల్టిపుల్ స్క్లెరోసిస్ జబ్బుకు 2010 నుంచి ఫింగోలిమోడ్ అనే మాత్ర వాడుతున్నారు. అదీ ఇదే గ్రాహకాన్ని మాయం చేసి, టీ కణాలను లింఫ్ గ్రంథుల్లోనే ఆపేస్తుంది. డాక్టర్లు మందుతో చేసే పనిని మెదడులోని గడ్డ తనంతట తాను చేసుకుంటోందన్నమాట.

అదే బృందం ఎలుకల్లో మరో సంగతి చూసింది. గ్లయోబ్లాస్టోమా కుటుంబానికి చెందిన గ్లయోమా కణాలను చర్మం కింద పెంచితే టీ కణాలు మూలుగలో చిక్కుకోలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ కణాలను తెచ్చి పుర్రె లోపల పెడితే మాత్రం చిక్కుకున్నాయి. అంటే తప్పంతా గడ్డ జాతిది కాదు, అది కూర్చున్న చోటుది. మెదడు తనను తాను కాపాడుకోవడానికి, లోపల వాపు పెరగకుండా టీ కణాలను దూరం పెట్టే ఏర్పాటు ఏదో చేసుకుని ఉండాలి, దాన్ని గడ్డ వాడుకుంటోందని అనుమానం. పుర్రెలో వాపుకు చోటు లేదు కాబట్టి ఈ ఊహ సబబుగానే ఉంది.

ఇంతవరకూ గడ్డ చేసేది. ఇకపై చెప్పుకోవాల్సింది కాస్త ఇబ్బందికరమైనది. వైద్యం చేసేది.

తలలో గడ్డ అనగానే మొదట మొదలయ్యే మందు డెక్సామెథాసోన్, అందరూ డెక్సా అనే స్టెరాయిడ్. గడ్డ చుట్టూ వాపు తగ్గించి తలనొప్పిని, వాంతులను ఒకటి రెండు రోజుల్లో దించుతుంది. ప్రాణం నిలబెట్టే మందే, అనుమానం లేదు. కానీ లింఫోసైట్లకు అది పడదు. ఆపరేషన్ తర్వాత ‘కరెంటు పెట్టడం’ అని మన దగ్గర పిలుచుకునే రేడియేషన్ వస్తుంది. వారానికి అయిదు రోజుల చొప్పున ఆరు వారాలు, మొత్తం 30 విడతలు, గ్రే అనే కొలతలో చెబితే 60 గ్రే మోతాదు. దాంతోపాటు రోజూ టెమోజోలమైడ్ అనే క్యాన్సర్ మందు, గొట్టం మాత్రగా. హైదరాబాద్ కంపెనీ నాట్కో దీన్ని టెమోనాట్ పేరుతో తయారు చేస్తుంది. ఈ రెండూ కలిపి ఇచ్చే పద్ధతికి ఆధారం 2005లో రోజర్ స్టుప్ బృందం ప్రచురించిన అధ్యయనం. రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవారిలో సగంమంది 12.1 నెలలకు మించి బతికితే, మాత్ర కలిపినవారిలో అది 14.6 నెలలైంది. రెండేళ్లు దాటినవారు నూటికి 10 నుంచి 26కు పెరిగారు. చిన్న లాభంలా వినిపిస్తుంది గానీ ఈ జబ్బులో అది పెద్దదే.

ఆ లాభానికి రక్తం చెల్లించే మూల్యం ఉంది. లింఫోసైట్ రేడియేషన్‌కు చాలా సున్నితమైన కణం. కిరణం తల మీదే పడుతుంది, నిజమే. కానీ గుండె పంపే రక్తంలో దాదాపు ఆరో వంతు మెదడుకే పోతుంది. కిరణం పడుతున్న కొద్ది నిమిషాల్లో అక్కడ ప్రవహించే నెత్తురు మారుతూనే ఉంటుంది. 2013లో కొందరు లెక్కగట్టి చూస్తే, 30 విడతలూ పూర్తయ్యేసరికి ఒంట్లో తిరిగే రక్తంలో నూటికి 99 వంతులకు కనీసం అర గ్రే తగులుతుందని తేలింది. తలకు పెట్టిన కరెంటు ఒళ్లంతా తిరిగే రక్తానికి తగులుతోంది.

అంతకు రెండేళ్ల ముందు, 2011లో, స్టువర్ట్ గ్రాస్‌మన్ బృందం 96 మంది రోగుల సీడీ4 లెక్కను నెల నెలా రాసుకుంటూ వెళ్లింది. వైద్యం మొదలైన రెండు నెలలకు నూటికి 40 మందిలో ఆ సంఖ్య 200 కంటే కిందికి పడిపోయింది. హెచ్ఐవీ ఉన్నవారిలో ఆ గీత దాటి కిందికి పోతే ఎయిడ్స్ అంటారు. ఏడాది దాకా ఆ కణాలు కోలుకోలేదు. అలా పడిపోయినవారిలో సగంమంది 13.1 నెలలకు మించి బతికితే, పడిపోనివారిలో అది 19.7 నెలలు. ఎక్కువమంది చనిపోయింది ఇన్ఫెక్షన్లతో కాదు, గడ్డ పెరగడం వల్ల. కణాలు తగ్గడం వల్లే గడ్డ పెరిగిందా, లేక ఒంట్లో సత్తువ లేనివారికే కణాలూ తగ్గాయా అన్నది ఈ అంకెలు తేల్చవు. అయినా లింఫోసైట్ల లెక్కను పట్టించుకోకుండా ఉండటానికి అది సాకు కాదు.

లింఫోసైట్ల లెక్క ఎక్కడో అమెరికాలో మాత్రమే దొరికేది కాదు. కొండపాక నుంచి తలలో గడ్డతో ఒక మనిషి హైదరాబాద్‌లోని నిమ్స్‌కో, రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్లి వస్తున్నాడనుకుందాం. మధ్యమధ్యలో సిద్దిపేటలోనో గజ్వేల్‌లోనో రక్తం ఇస్తాడు. రక్తకణాల లెక్క చెప్పే ఆ పరీక్షకు కాగితం మీద సీబీపీ అని ఉంటుంది. ఇంట్లోవాళ్లు ముందు చూసేది హిమోగ్లోబిన్, ఆ తర్వాత ప్లేట్‌లెట్లు. టోటల్ కౌంట్ 14,000 అని ఉంటే ‘ఇన్ఫెక్షన్ వచ్చింది’ అని భయపడతారు. డెక్సా వాడేవారిలో ఇన్ఫెక్షన్ లేకుండా కూడా అలా పెరగవచ్చు. రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలను ఆ మందు ప్రవాహంలోకి తోసేస్తుంది. అదే కాగితంలో కాస్త కింద లింఫోసైట్లు 5 శాతం అని ఉంటుంది. 14,000లో 5 శాతం అంటే 700. పెద్దవాళ్లలో మామూలుగా వెయ్యికి పైనే ఉండాలి. మొత్తం కణాలు పెరిగినట్టు కనిపిస్తున్న కాగితంలోనే అసలైనవి తగ్గిపోయాయి. శాతం ఒక్కటే చూస్తే ఈ సంగతి తెలియదు, టోటల్‌తో గుణించి వందతో భాగించాలి.

ఈ లెక్క చూసి ఇంట్లోవాళ్లు సొంతంగా డెక్సా ఆపేస్తే ప్రమాదం. అకస్మాత్తుగా ఆపితే వాపు తిరగబెడుతుంది, ఒళ్లు కూడా తట్టుకోదు. వీలైనంత తక్కువ మోతాదుకు ఎప్పుడు, ఎలా దించాలన్నది డాక్టరు నిర్ణయం. ‘ఇంకా ఎన్నాళ్లు వాడాలి సార్’ అని ప్రతిసారీ అడగడం మాత్రం రోగి హక్కే. కరెంటు, టెమోజోలమైడ్ కలిపి నడుస్తున్న రోజుల్లో సెప్ట్రాన్ మాత్ర కూడా రాస్తారు. జ్వరం లేదు, దగ్గు లేదు, ఇదెందుకని దాన్ని పక్కన పెట్టేస్తుంటారు కొందరు. టీ కణాలు తగ్గినప్పుడు ఊపిరితిత్తుల్లో న్యుమోసిస్టిస్ అనే శిలీంధ్రం చేరి న్యుమోనియా తెస్తుంది. ఎయిడ్స్ రోగులను ముప్పుతిప్పలు పెట్టింది అదే. దాన్ని రాకుండా ఆపేదే ఆ చవక మాత్ర.

లింఫోసైట్లను కాపాడుకుంటూ వైద్యం చేయడం ఎలాగన్న ఆలోచన కూడా మొదలైంది. ప్రోటాన్ కిరణాలు లక్ష్యం దగ్గర ఆగిపోతాయి, వెనకనున్న మెదడుకు, దానిలోని రక్తానికి తగిలేది తక్కువ. అమెరికాలో గ్లయోబ్లాస్టోమా రోగుల మీద జరిపి 2021లో ప్రచురించిన ఒక పోలికలో, మామూలు రేడియేషన్ తీసుకున్నవారిలో నూటికి 39 మందికి లింఫోసైట్లు తీవ్రంగా పడిపోతే, ప్రోటాన్ తీసుకున్నవారిలో 14 మందికే అలా జరిగింది. మనకు దగ్గరలోని ప్రోటాన్ కేంద్రం చెన్నైలో ఉంది, 2019లో మొదలైంది. ఖర్చు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

రావాల్సినవి రాకపోవడం ఒక కథ. రాకూడనివి రావడం ఇంకొకటి. గ్లయోబ్లాస్టోమా గడ్డను కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే, అందులో మూడో వంతు నుంచి సగం దాకా క్యాన్సర్ కణాలే కావు. మెదడులోనే కాపురముండే మైక్రోగ్లియా, రక్తంలోంచి మోనోసైట్లుగా వచ్చి అక్కడ మాక్రోఫేజ్‌లుగా మారినవి. మామూలుగా ఇవి చెత్త ఎత్తి, పుండు మాన్పే కణాలు. గడ్డ వాటికి పుండు మాన్పే పనే అప్పజెప్పుతుంది. అవి కొత్త రక్తనాళాలు పెంచుతాయి, అటువైపు వచ్చిన కొద్దిపాటి టీ కణాలను నీరుగారుస్తాయి. టీ కణాలకు వేసిన పగ్గాలు తీసేసే మందులకు దారి చూపినందుకు జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. చర్మ క్యాన్సర్‌లో, ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో అద్భుతాలు చేసిన నివోలుమాబ్‌ను తిరగబెట్టిన గ్లయోబ్లాస్టోమాలో 369 మందితో పరీక్షించారు. పాత మందు వాడినవారిలో సగంమంది 10 నెలలకు మించి బతికితే, దీనితో అది 9.8 నెలలు. పగ్గం విప్పడానికి అక్కడ గుర్రమే లేదని ఇప్పుడు అర్థమవుతోంది.

అయితే కణాలను బయటే తయారుచేసి లోపల దించితే? కార్-టీ అంటే ఇదే. రోగి రక్తంలోని టీ కణాలను తీసి, గడ్డను గుర్తుపట్టే గ్రాహకం వాటికి అమర్చి, పెంచి, తిరిగి ఎక్కిస్తారు. 2016 డిసెంబరులో కాలిఫోర్నియాలోని సిటీ ఆఫ్ హోప్ ఆసుపత్రి ఒక 50 ఏళ్ల రోగి సంగతి ప్రకటించింది. ఆ కణాలను నేరుగా మెదడు గదుల్లోని ద్రవంలోకి ఎక్కిస్తే, వెన్నులోకి పాకిన గడ్డలు కూడా కరిగిపోయాయి. ఏడున్నర నెలలు అలాగే ఉన్నాయి, తర్వాత వేరే చోట్ల గడ్డలు తలెత్తాయి. 2024 మార్చిలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి ముగ్గురి వివరాలు వెల్లడించింది. ఒకరికి అయిదు రోజులకే తీసిన స్కానింగులో గడ్డ దాదాపు కనిపించలేదు. ఇద్దరిలో ఆ ఫలితం నిలవలేదు, ఒకరిలో అయిదు నెలలకు పైగా నిలిచింది. మన దేశంలో ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన నెక్స్‌కార్19 చికిత్సకు 2023లో అనుమతి వచ్చింది. అది రక్త క్యాన్సర్లకు, లింఫోమాలకు. మెదడు గడ్డలకు కాదు. ‘కార్-టీతో బ్రెయిన్ ట్యూమర్ మాయం’ అనే వీడియోలు చూసి పొలం అమ్మడానికి సిద్ధపడే ముందు ఈ తేడా తెలియడం అవసరం.

2024లోనే జర్మనీలోని ఎసెన్ నుంచి మరో కబురు వచ్చింది. గ్లయోబ్లాస్టోమా రోగుల పుర్రె ఎముకలో, సరిగ్గా గడ్డకు పైనున్న మూలుగలో, చురుకైన టీ కణాలు పోగై ఉన్నాయట. పుర్రె మూలుగ నుంచి మెదడు పొరలకు సన్నటి దారులున్నట్టు 2018లోనే తెలిసింది. ఒంట్లోని మిగతా ఎముకల్లో బందీలైన కణాలను విడిపించాలా, తల మీదే కాచుకుని ఉన్నవాటిని ముందుకు తోయాలా, ఆపరేషన్‌లో ఆ ఎముకను ఎంత జాగ్రత్తగా కోయాలి అన్న ప్రశ్నలు ఇప్పుడు సర్జన్ల ముందుకు వచ్చాయి.

చివరిగా, పూర్తిగా అడ్డం తిరిగిన జబ్బు ఒకటుంది. మెదడులో వచ్చే ప్రైమరీ లింఫోమా. ఇక్కడ గడ్డ రక్షక కణాలతోనే తయారవుతుంది. యాంటీబాడీలు చేయాల్సిన బీ లింఫోసైట్లే క్యాన్సర్‌గా మారి మెదడులో గూడు కట్టుకుంటాయి. స్కానింగులో ఒక్కోసారి గ్లయోబ్లాస్టోమాలాగే కనిపిస్తుంది, వైద్యం మాత్రం పూర్తిగా వేరు. కోసి తీసేస్తే పెద్దగా లాభం లేదు. మందులకు బాగా లొంగుతుంది. పైగా డెక్సా పడగానే ఈ గడ్డ కొన్నిసార్లు మంచులా కరిగిపోతుంది. అది సంతోషించే సంగతి కాదు, తర్వాత ముక్క తీసి పరీక్షకు పంపితే ఏ జబ్బో తేలదు. అందుకే లింఫోమా అనుమానం ఉన్నప్పుడు, రోగి పరిస్థితి అనుమతిస్తే, ముక్క తీసేదాకా స్టెరాయిడ్ ఇవ్వకుండా ఆగుతారు.

ఆ లింఫోమాకు ఈనాటికీ మొదటి మందు మెథోట్రెక్సేట్. దాన్ని 1940లలో న్యూయార్క్ దగ్గరి లెడర్లీ ప్రయోగశాలల్లో తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసిన ఆ బృందమే, దానికి ఎదురు పనిచేసే మందులనూ చేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1948లో రక్త క్యాన్సర్ పిల్లల్లో తాత్కాలికంగానైనా జబ్బు తగ్గించి చూపాడు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు 53 ఏళ్లకే చనిపోయారు. మామూలు మోతాదులో మెథోట్రెక్సేట్ మెదడులోకి చాలినంత చేరదు. అందుకని లింఫోమాలో గ్రాముల లెక్కన నరానికి ఎక్కిస్తారు, అంత మోతాదు ఒంటికి విషమే. కాబట్టి 24 గంటలు గడిచాక ఫోలిక్ ఆమ్లానికి దగ్గరి చుట్టమైన ల్యూకోవోరిన్ మొదలుపెట్టి, రక్తంలో మందు ఎంత మిగిలిందో రోజూ కొలుస్తూ, అది దిగిపోయేదాకా సెలైన్ ఎక్కిస్తూ రోగిని వార్డులోనే ఉంచుతారు.